జనాభా పాఠంలో జారిపోయిన లెక్క

ఒక ఊరిలో ఎందరున్నారు, ఒక అడవిలో ఎన్ని పులులున్నవి, ఒక సరస్సులో ఎన్ని పక్షులున్నవి అని అడిగితే ఎవరో ఒకరు ఒక అంకె చెప్పగలరు. ఆ అంకె ఎట్లా వచ్చిందని మళ్ళీ అడిగితే చెప్పగలవారు బహు కొద్దిమంది. వార్తకూ శాస్త్రానికీ గల భేదమంతా ఈ రెండవ ప్రశ్నలోనే ఉన్నది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పన్నెండవ తరగతి జీవశాస్త్ర గ్రంథంలో ‘జీవులు, జనాభాలు’ అనే పాఠం ఒకటున్నది. ఆ పాఠం ఈ రెండవ ప్రశ్నకు ఎంతవరకు జవాబు చెబుతున్నదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2006–07లో తొలిసారి వెలువడిన ఈ గ్రంథం సామాన్యమైనది కాదు. వైద్య విద్యలో ప్రవేశానికి నీట్ పరీక్ష రాసే లక్షలాది విద్యార్థులకు ఇదే ఆధారం. దీనిలోని వాక్యాలను అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేసేవారు మన తరగతి గదుల్లో ఎందరో ఉన్నారు. అందుచేత దీనిలో ఒక వాక్యం వంకరగా ఉంటే ఆ వంకర చాలా దూరం పోతుంది.

ముందుగా మంచి చెప్పుకోవలె

ఈ పాఠంలో మెచ్చుకోవలసినవి చాలా ఉన్నవి. ఒక కాలంలో, ఒక చోట ఉండే ఒకే జాతి జీవుల గుంపును శాస్త్రజ్ఞులు జనాభా అంటారు. ఒక జీవి పుడుతుంది, ఒకనాడు చస్తుంది. కాని జననాల రేటు, మరణాల రేటు అనేవి ఒక్క జీవికి ఉండవు, గుంపుకే ఉంటవి. ఈ భేదాన్ని పాఠం చక్కగా విప్పి చెప్పింది. కొలనులో నిరుడు ఇరవై తామర మొక్కలుండి, వాటినుంచి ఈ ఏడు ఎనిమిది కొత్తవి వస్తే, మొక్క ఒక్కింటికి జననాల రేటు 0.4 అని చూపిన ఉదాహరణ ఎంత చిన్నదో అంత స్పష్టమైనది.

ఇంకొకటి ఇంతకన్నా బాగున్నది. ఒకచోట వయ్యారిభామ మొక్కలు రెండు వందలు, మర్రిచెట్టు ఒకటి ఉన్నవనుకొనండి. సంఖ్య చూసి అక్కడ మర్రికి ప్రాధాన్యం లేదనగలమా? అట్టిచోట సంఖ్యకన్నా, నేలను ఎంత మేర కప్పిందీ, ఎంత జీవపదార్థం ఉన్నదీ చూడవలెనని పాఠం హెచ్చరిస్తుంది. మన తెలుగు విద్యార్థికి దీన్ని చెప్పడానికి కదిరి దగ్గర గుటిబయలులో ఉన్న తిమ్మమ్మ మర్రిమాను చాలు. 1989లో గిన్నెస్ పుస్తకానికి ఎక్కిన ఆ చెట్టు సుమారు ఐదెకరాల నేలను కప్పి నిలిచి ఉన్నది. దాని ఊడలు దిగి, నాటుకొని, మొదళ్ళలాగా నిలిచినవి. దాన్ని ఒక చెట్టనవలెనా, ఒక తోపనవలెనా? మహబూబ్‌నగర్ దగ్గరి మర్రికి పిల్లలమర్రి అని పేరు పెట్టినవారికి ఈ సందేహం ఎప్పుడో వచ్చి ఉండాలి. లెక్కించడానికి ముందు, దేన్ని ‘ఒకటి’ అంటామో తేల్చుకోవలెనన్నది లెక్కలో తొలి నీతి. ఆ నీతి వైపు ఈ పాఠం మొదటి అడుగు వేసింది.

విచారమేమంటే, రెండవ అడుగు వేయలేదు. సంఖ్యకు ‘ఎన్’ అని పేరు పెట్టి, అది ఎవరో ముందే లెక్కించి గోడమీద రాసిపెట్టినట్లు భావించి, వెంటనే దాని పెరుగుదలకు సూత్రాలు చెప్పింది. అసలు సంఖ్య తెలుసుకొనే పద్ధతులకు కొద్ది వాక్యాలతో సరిపుచ్చింది. ఆ కొద్ది వాక్యాల్లో రెండు నిలిచి పరిశీలించదగినవి.

బుట్టలో పడిన చేపలు

చాలా సందర్భాల్లో మొత్తం సంఖ్య తెలియనక్కరలేదనీ, పోల్చి చూసుకోవడానికి వీలైన కొలత ఉంటే చాలుననీ పాఠం అంటుంది. ఒక్కొక్క బుట్టలో ఎన్ని చేపలు పడినవో చూస్తే సరస్సులో చేపలు ఎంత దట్టంగా ఉన్నవో తెలుస్తుందన్నది దానికిచ్చిన ఉదాహరణ. ఈ మాట కొంతవరకు నిజమే. కాని ఏయే షరతులకు లోబడి నిజమో చెప్పలేదు. ఆ షరతులు లేకపోతే ఇది అబద్ధమవుతుంది.

మన కొల్లేటినే చూడండి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ లోతు తక్కువగా పరచుకొన్న మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు తెస్తవి. ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకొనిపోతుంది. వానకాలంలో నీరు పొలిమేరలు దాటుతుంది. వేసవిలో అడుగంటి, మడుగులుగా మిగులుతుంది. నీరు తగ్గినకొద్దీ అంతవరకు విశాలంగా తిరిగిన చేపలు ఆ మడుగుల్లో ఒకచోట చేరుతవి. అప్పుడు వెదురుబుట్ట ఒడ్డితే వర్షాకాలంలో కన్న ఎక్కువే పడవచ్చును. బుట్ట నిండింది గనుక చేపలు పెరిగినవనుకొంటే ఎంత పొరపాటు! సరస్సులో మొత్తం తగ్గింది. బుట్టలో మాత్రం పెరిగింది.

ఇది కేవలం ఊహ అనుకోరాదు. ఈ పొరపాటుకు ఒక దేశం ఎంత మూల్యం చెల్లించిందో చరిత్రలో ఉన్నది. కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ అనే చేప శతాబ్దాలపాటు కోట్లకొద్దీ దొరికేది. పెద్ద పెద్ద ఓడలు వచ్చిన తరువాత కూడా, వలకు ఇన్ని చేపలు అన్న లెక్క చాలాకాలం బాగానే కనిపిస్తూ వచ్చింది. కారణం, మిగిలిన చేపలు గుంపులుగా కూడి ఉండడం. ఆ గుంపులు ఎక్కడున్నవో వెదకి పట్టుకొనే యంత్రాలు ఓడల్లో ఉండడం. లెక్క మారకపోతే చేపలూ తగ్గలేదని పట్టుదలను నిర్ణయించేవారు నమ్మారు. 1992లో అక్కడి ప్రభుత్వం ఆ చేపల వేటనే నిలిపివేయవలసి వచ్చింది. ముప్పైవేల మందికి పైగా ఉపాధి పోయింది.

కనుక ఈ వాక్యం ఇట్లా ఉండవలసింది: ఒకే రకం బుట్టను, ఒకే చోట, ఒకే ఋతువులో, ఒకే వేళ వరకు ఉంచితే, నిరుటికీ ఈ ఏటికీ పోల్చి చూడవచ్చును, వీటిలో ఏది మారినా పోల్చకూడదు. ఇంతా కలిపి రెండు పంక్తులు పెరుగుతుంది. ఆ రెండు పంక్తులు లేకపోవడంవల్ల విద్యార్థి పొరబడే అవకాశం మిగిలింది.

పులి అడుగు, పులి లెక్క

రెండవ వాక్యం పులులను గురించి. మన అభయారణ్యాల్లో పులుల గణన తరచుగా పాదముద్రలమీద, మలంమీద ఆధారపడుతుందని పాఠం చెబుతుంది. చూడకుండా, ముట్టకుండా లెక్కించవచ్చునన్న విషయానికి ఇది ఉదాహరణ. ఉదాహరణ ఆకర్షణీయమైనదే. ఐతే గ్రంథం అచ్చయ్యేనాటికే ఈ వాక్యానికి కాలం చెల్లింది.

పాదముద్రల పద్ధతిని 1966లో ఒడిశా అటవీశాఖకు చెందిన సరోజ్ రాజ్ చౌధురి రూపొందించారు. అటవీ సిబ్బంది ఒకే సమయంలో అడవి బాటలన్నీ వెదకుతారు. పులి వెనుక ఎడమకాలి ముద్ర కనబడితే దానిమీద గాజుపలక ఉంచి ఆకారం గీస్తారు; పారిస్ ప్లాస్టర్‌తో అచ్చు తీస్తారు. తరువాత గీతలన్నీ ఒకచోట చేర్చి, ఏ ముద్ర ఏ పులిదో పోల్చి, ఇన్ని పులులున్నవని తేలుస్తారు. ఇదంతా ఒక్క నమ్మకం మీద నిలిచి ఉన్నది: ఒక్కొక్క పులి అడుగు ఒక్కొక్క తీరుగా ఉంటుంది, దాన్ని కంటితో గుర్తుపట్టవచ్చును అని.

ఆ నమ్మకాన్ని పరీక్షించినవారు శాస్త్రజ్ఞుడు ఉల్లాస్ కారంత్. బోనుల్లో ఉన్న నాలుగు పులుల పాదముద్రలను అనేకం తీసి, ఏళ్ళ తరబడి అడవుల్లో పనిచేసిన అధికారులకు ఇచ్చి, ఇవి ఎన్ని పులులవో చెప్పండని అడిగారు. నాలుగని ఒక్కరూ సరిగా చెప్పలేకపోయారు. 1987లో ఈ ఫలితం ప్రకటితమైంది. ఇసుకలో పడిన అడుగు ఒక తీరు, బురదలో పడింది ఒక తీరు. నెమ్మదిగా నడిచినప్పుడు ఒక తీరు, పరుగెత్తినప్పుడు ఇంకొక తీరు. ఒకే కాలు పది ముద్రలు వేయగలదు. పైగా అడుగు దొరకని పులిని గూర్చి ఈ పద్ధతి ఏమీ చెప్పలేదు. దొరికినవే సమస్తమని అనుకోవలసి వస్తుంది.

ఇంతమాత్రాన అడుగుజాడలు తెలిసినవారి విద్య తక్కువైనదని కాదు. మా జంగారెడ్డిగూడెం నుంచి బుట్టాయగూడెం దాటి పాపికొండల వైపు పోతే, జాడ చూసి జంతువు ఏదో, ఎటు పోయిందో చెప్పగల కోయ, కొండరెడ్డి పెద్దలు ఉన్నారు. పులి ఈ దారిని పోయిందని తెలుసుకోవడానికి అడుగుకు మించిన సాక్ష్యం లేదు. ఎన్ని పులులు పోయినవని చెప్పడానికి మాత్రం అది చాలదు. 2022 మే నెలాఖరులో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతంలో ఒక పెద్దపులి వారాల తరబడి ఊరూరా తిరిగింది. ఏ ఊరి అడుగులు ఆ ఊరివారు విడిగా లెక్కపెట్టుకొంటే ఒక్క పులి ఎన్ని పులులవుతుందో పాఠకులే ఊహించవచ్చును.

ఈ లోపం కాగితాలకే పరిమితం కాలేదు. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో పులులున్నవని లెక్కల్లో చూపుతూ వచ్చారు. 2005 నాటికి అక్కడ ఒక్క పులి కూడా లేదని తేలింది. వేటగాళ్ళు తుడిచిపెట్టారు, లెక్క మాత్రం నిలిచి ఉన్నది. పులి చచ్చినా చావని లెక్కవల్ల ఎవరికి ప్రయోజనం?

ఆ తరువాత పద్ధతి మారింది. పులి చారలు మన వేలిముద్రలవంటివి. ఒకదానికున్నట్లు మరొకదానికి ఉండవు. బాటలకు రెండు వైపులా కెమెరాలు అమర్చి, చారల ఆధారంగా ఒక్కొక్క పులినీ గుర్తించి, మళ్ళీ మళ్ళీ ఎన్నిసార్లు పడిందో చూసి, కెమెరాకు చిక్కనివి ఎన్ని ఉండవచ్చునో గణితంతో అంచనా కడుతున్నారు. మలం నుంచి డి.ఎన్.ఏ. తీసి పులిని గుర్తించే పద్ధతీ ఉన్నది. కనుక పాఠంలోని వాక్యంలో మలం అన్న సగానికి ఇప్పటికీ విలువ ఉన్నదని ఒప్పుకోవలె.

ఇప్పుడు అంకెలు చూడండి. 2001–02లో పాదముద్రల లెక్క ప్రకారం దేశంలో పులులు 3,642. 2006లో కొత్త పద్ధతిలో 1,411. నాలుగైదేళ్ళలో రెండువేల పైచిలుకు పులులు చచ్చిపోయినవా? అట్లా అనడానికి ఆధారం లేదు. కొలబద్ద మారింది. మూరతో కొలిచిన గుడ్డను గజంతో మళ్ళీ కొలిచి, గుడ్డ కురుచయిందని అనకూడదు. ఇంకొక విశేషం: 2006 అంచనాకు 1,165 మొదలు 1,657 వరకు అని హద్దులు కూడా చెప్పారు. పాదముద్రల కాలంలో ఇటువంటి హద్దులు లేవు. ఒకటే అంకె, ఎటూ కదలని అంకె. హద్దులు చెప్పిన అంకె బలహీనమైనదని విద్యార్థులు అనుకొంటారు. నిజానికి అదే నిజాయితీగల అంకె.

2022 గణన ఇంకొక పాఠం నేర్పుతుంది. 2023 ఏప్రిల్‌లో పులులు 3,167 అని ప్రకటించారు. అదే ఏడు జులైలో 3,682 అన్నారు. మూడు నెలల్లో 515 పులులు పుట్టలేదు. మొదటిది కెమెరాలున్న ప్రాంతాల ఆధారంగా చెప్పిన కనిష్ఠ సంఖ్య. రెండవది కెమెరాలు లేని ప్రాంతాలనూ కలుపుకొన్న సగటు అంచనా. దానికి పై హద్దు 3,925. ఈ గణనలో ఆంధ్రప్రదేశ్‌కు 63 పులులని తేలింది. 2018లో 48 అన్నారు. ఇది సంతోషించదగిన సంగతే. ఐతే ఆ సంతోషానికి ముందు, రెండుసార్లూ కెమెరాలు ఒకే మేర పెట్టారా అని అడగగల విద్యార్థిని తయారుచేయడం పాఠం పని.

హద్దుగీత ఎక్కడ?

జనాభా నాలుగు విధాల మారుతుందని పాఠం చెబుతుంది. పుట్టడంవల్లా, వచ్చి చేరడంవల్లా పెరుగుతుంది. చావడంవల్లా, విడిచిపోవడంవల్లా తగ్గుతుంది. నాలుగింటినీ ఒక సమీకరణంలో కూర్చి చూపారు. ఇది సరియైనదే. కాని ఈ నాలుగింటికీ ముందు ఒక హద్దుగీత ఉండవలె. ఆ గీత ఎక్కడున్నదో తెలియనిదే ‘వచ్చింది’, ‘పోయింది’ అన్న మాటలకు అర్థం లేదు.

మన జిల్లానే ఉదాహరణగా తీసుకొందాము. పశ్చిమ గోదావరి జిల్లా జనాభా 2001లో 38,03,517. 2011లో 39,36,966. పదేళ్ళలో పెరిగింది 1,33,449. అంటే వెయ్యికి 35. సాలుకు వృద్ధిరేటు కట్టి చూస్తే సుమారు 0.0035 వస్తుంది. 1981లో మన దేశానికి ఈ రేటు 0.0205 అని పాఠంలో ఇచ్చారు. ఆ రేటున జనాభా రెట్టింపు కావడానికి 34 ఏళ్ళు పడుతుంది. మన జిల్లా 2001–11 రేటున ఇంచుమించు 200 ఏళ్ళు! పుస్తకంలోని పాత అంకె పక్కన ఇటువంటి సొంత జిల్లా అంకెను ఉంచి లెక్క కట్టిస్తే, ‘ఆర్’ అన్న అక్షరానికి ప్రాణం వస్తుంది. ఇంత తక్కువ పెరుగుదలకు కాన్పులు తగ్గడం ఒక్కటే కారణమా, చదువులకూ ఉద్యోగాలకూ హైదరాబాదు మొదలైన చోట్లకు వెళ్ళిపోయినవారు కూడా కారణమా అన్న ప్రశ్న తరగతిలో తప్పక లేస్తుంది. సమీకరణంలో నాలుగు అక్షరాలు ఎందుకున్నవో అప్పుడు బోధపడుతుంది.

ఇక హద్దు సంగతి. 2014లో రాష్ట్ర విభజన సందర్భంగా ఖమ్మం జిల్లాలోని కుకునూరు, వేలేరుపాడు మండలాలు పశ్చిమ గోదావరిలో కలిసినవి. ఆ రోజున జిల్లా జనాభా పెరిగింది. ఒక్క బిడ్డ పుట్టలేదు. ఒక్కరు మూటా ముల్లే సర్దుకొని రాలేదు. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు జంగారెడ్డిగూడెం ఏలూరు జిల్లాలోకి పోయింది. పశ్చిమ గోదావరి జనాభా ఆ ఒక్కరోజులో పడిపోయింది. ఒక్కరూ చావలేదు, ఒక్కరూ ఊరు విడువలేదు. కదిలింది గీత మాత్రమే. పాఠంలోని సమీకరణంలో ఈ అయిదవ కారణానికి అక్షరం లేదు. అడవి హద్దులు, సరస్సు హద్దులు మారినప్పుడు జంతువుల లెక్కలకూ ఇదే గతి పడుతుంది.

పక్షుల విషయంలో హద్దు సమస్య ఇంకా చిక్కైనది. 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతులు పెద్దయెత్తున గూళ్ళు కట్టడాన్ని కె.కె. నీలకంఠన్ కనుగొన్నారు. వృత్తికి ఆయన ఇంగ్లీషు బోధకుడు. మలయాళంలో ‘ఇందుచూడన్’ పేరుతో పక్షుల గురించి రాసి ప్రసిద్ధుడైనవాడు. 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆ కాలనీని వర్ణించారు. 1970వ దశకం నాటికి ఆ కాలనీ ఖాళీ అయింది. ఆ పక్షులు చచ్చినవా, వలసపోయినవా? ఆరేడు ఊరి చుట్టూ గీత గీసి చూస్తే ఆ ఊరి జనాభా సున్న. అంతమాత్రాన జాతి నశించిందనరాదు. పులికాట్ దగ్గరి నేలపట్టులోనూ, గుంటూరు దగ్గరి ఉప్పలపాడులోనూ, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ గూడబాతులు గూళ్ళు కడుతున్నవి. కొల్లేటి ఒడ్డున ఆటపాకలోనూ కడుతున్నవి. వీటన్నిటినీ ఒకే కాలంలో, ఒకే పద్ధతిలో లెక్కించనిదే, ఒక్క చోట పెరిగినవనో తగ్గినవనో చెప్పే మాటకు పూర్తి విలువ రాదు.

పోషణశక్తి అనే గీత

పెరుగుదలను పాఠం రెండు విధాలుగా చూపింది. తిండికీ చోటుకూ లోటు లేకపోతే సంఖ్య రెట్టింపు మీద రెట్టింపుగా పోతుంది. చదరంగం గళ్ళలో గోధుమగింజలు పెట్టమన్న కథ చెప్పి దీన్ని మనసుకెక్కించారు. లోటు ఉన్నచోట మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా పెరిగి, చివరకు ఒక మట్టం దగ్గర ఆగుతుంది. ఆ మట్టం ‘కె’. ఆ చోటు పోషించగల గరిష్ఠ సంఖ్య అది, పోషణశక్తి అనవచ్చును. 1838లో బెల్జియం గణితజ్ఞుడు వెర్‌హుల్స్ట్ కనిపెట్టిన సూత్రం ఇది. 1920లో అమెరికాలో పెర్ల్, రీడ్ దీన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.

చిత్రంలో ‘కె’ నిటారైన అడ్డగీత. అది కదలదు. విద్యార్థి మనసులో అది ప్రకృతి గీసిన శాశ్వతరేఖగా నిలిచిపోతుంది. పెర్ల్, రీడ్‌లే ఆ సూత్రంతో అమెరికా జనాభా సుమారు 19 కోట్ల 70 లక్షల దగ్గర ఆగుతుందని లెక్క కట్టారు. 1967లో ఆ దేశం 20 కోట్లు దాటింది. 2020లో 33 కోట్లు దాటింది. సూత్రం తప్పుకాదు, ‘కె’ కదలదన్న ఊహ తప్పు.

కొల్లేటిలో ‘కె’ ఎన్నిసార్లు కదిలిందో చూడండి. సరస్సులో గట్లుపోసి చేపల చెరువులు తవ్వడంవల్ల స్వేచ్ఛగా నీరు పారే చోటు తగ్గింది. 1999లో అయిదవ కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువుల గట్లు పగలగొట్టారు. ఆటపాకలో గూళ్ళకు చెట్లు చాలని గూడబాతుల కోసం ఇనుప మంచెలు నిలబెట్టారు. పక్షులు వాటిమీదా గూళ్ళు కట్టినవి. నీటిమట్టం, చేప, చెట్టుకొమ్మ, చివరకు ఇనుపకడ్డీ. వీటిలో ఏది ముందుగా చాలకపోతే అదే ఆనాటి ‘కె’ను నిర్ణయిస్తుంది. ఒక ప్రభుత్వ ఉత్తరువు ‘కె’ను మార్చగలదు, ఒక పొక్లెయిన్ మార్చగలదు. ఈ సంగతి చెప్పకుండా అడ్డగీత మాత్రమే చూపితే, సంఖ్య తగ్గినప్పుడు అది ప్రకృతి నియమమని చేతులు దులుపుకోవడానికి వీలు కలుగుతుంది.

చింతపిక్కల ప్రయోగం

విమర్శ చేసి ఊరకుంటే లాభం లేదు. పాఠంలో లేనిది ఒక్కటి చేరిస్తే చాలావరకు ఈ లోపం తీరుతుంది. అది గుర్తుపెట్టి తిరిగి పట్టే పద్ధతి. డెన్మార్క్‌లో పీటర్సన్ చేపలమీద, 1930లో అమెరికాలో లింకన్ బాతులమీద ఉపయోగించిన పద్ధతి ఇది. కెమెరాలతో పులుల లెక్కకు మూలమూ ఇదే. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక కుండ, కొన్ని చింతపిక్కలు, కొంచెం సున్నం చాలును.

ఎన్నున్నవో తెలియకుండా కుండలో పిక్కలు పోయండి. 50 పిక్కలు తీసి, సున్నంతో చుక్క పెట్టి, ఆరిన తరువాత మళ్ళీ కుండలో వేసి బాగా కలపండి. కళ్ళు మూసుకొని 60 పిక్కలు తీయండి. వాటిలో చుక్క ఉన్నవి 12 వచ్చినవనుకొందాము. తీసినవాటిలో అయిదింట ఒకవంతుకు చుక్క ఉన్నది. కుండ మొత్తంలోనూ అయిదింట ఒకవంతుకే చుక్క ఉండవలె. చుక్క పెట్టినవి 50 గనుక మొత్తం 250. ఇంకొక విద్యార్థి తీస్తే చుక్కవి 10 రావచ్చును, అప్పుడు 300. మరొకరికి 15 వస్తే 200. కుండ ఒకటే, పిక్కలు అవే, జవాబులు వేరు. అంచనాకు హద్దులెందుకో విద్యార్థికి ఈ ఒక్క గంటలో తెలుస్తుంది. చివర కుండ బోర్లించి పిక్కలన్నీ లెక్కపెట్టి సరిచూడవచ్చును. అడవిని బోర్లించలేము, అందుకే కుండలో నేర్చుకోవలె.

ఆ తరువాత నియమాలను ఒక్కొక్కటిగా చెడగొట్టి చూపండి. కలపకుండా పైనున్నవి తీస్తే చుక్కవే ఎక్కువ వచ్చి అంచనా పడిపోతుంది. సున్నం రాలిపోతే అంచనా పెరిగిపోతుంది. మధ్యలో ఎవరో గుప్పెడు పిక్కలు కలిపితే, హద్దు దాటి వలస వచ్చినట్లు. ఒకసారి పట్టుబడిన జంతువు భయపడి మళ్ళీ బోనువైపు రాకపోతే ఏమగునో పిల్లలే చెబుతారు.

ఎందుకింత పట్టింపు?

ఇదంతా ఒక పాఠంలోని రెండు మూడు వాక్యాలమీద రాద్ధాంతమని కొందరు అనవచ్చును. పరీక్షలో ‘ఆర్’ విలువ కట్టి మార్కులు తెచ్చుకొంటున్నారు గదా అనవచ్చును. ఈ తరగతిలో కూర్చున్నవారిలోనే రేపటి అటవీ ఉద్యోగులున్నారు, మత్స్యశాఖ ఉద్యోగులున్నారు, పత్రికా రచయితలున్నారు. చేపలవేట ఎన్నాళ్ళు ఆపవలెనో, పులులకు ఎంత అడవి కావలెనో, సరస్సులో ఏ మట్టం వరకు నీరు నిలపవలెనో నిర్ణయించేది వీరే. ఆ నిర్ణయాలతో కొల్లేటి లంకగ్రామాల బ్రతుకులు, పాపికొండల గిరిజనుల బ్రతుకులు ముడిపడి ఉన్నవి. తప్పు అంకె నోరు లేని జంతువుకే కాదు, నోరున్న మనిషికీ చేటు తెస్తుంది.

ఈ సంగతి ఉపాధ్యాయులకు ఎవరూ చెప్పనక్కరలేదు. జనగణన వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగే ఎన్యూమరేటర్లలో అధికులు వారే. తాళం వేసిన ఇల్లు, పనికోసం వలసపోయిన కుటుంబం, అక్కడా ఇక్కడా రెండుచోట్ల పేరున్న విద్యార్థి, వంతెన కింద పడుకొనే బికారి. ఇవన్నీ వారు కళ్ళారా చూసినవే. 2011 జనగణన పూర్తయిన తరువాత జరిపిన సరిచూపు సర్వేలో వెయ్యికి 23 మంది లెక్కలో జారిపోయారని తేలింది. ఇది దేశం మొత్తానికి సగటు. ఏ ఒక్క జిల్లాకూ యథాతథంగా అంటగట్టరాదు. కాని పదేళ్ళలో మన జిల్లా పెరుగుదల వెయ్యికి 35 మాత్రమేనని ఇంతకుముందు చూశాము. పెరుగుదలా, పొరపాటూ ఎంత దగ్గరగా ఉన్నవో గమనించండి. రెండు గణనల్లోనూ ఒకే పాలు జారిపోతే వృద్ధిరేటు చెడదు. ఒకదానిలో ఎక్కువ, ఒకదానిలో తక్కువ జారిపోతే చెడుతుంది. మాట్లాడే మనిషి, తలుపుకొట్టి పలకరిస్తే పేరు చెప్పే మనిషి లెక్కలోనే ఇంత ఉన్నప్పుడు, చీకట్లో తిరిగే పులి లెక్కలో ఎంత ఉండవలె!

2021లో జరగవలసిన జనగణన ఆ ఏడు జరగలేదు. 2027 మార్చి 1ని దాని ప్రమాణ తేదీగా 2025లో ప్రకటించారు. ఆ పనిలో తిరిగే ఉపాధ్యాయుడు తన అనుభవాన్ని తరగతిలో చెబితే, ఏ గ్రంథమూ ఇవ్వలేని వ్యాఖ్యానం అవుతుంది. ‘జీవులు, జనాభాలు’ పాఠం పెరుగుదల సూత్రాలు బాగా నేర్పుతున్నది. దాన్ని మానవలసిన పనిలేదు. బోధించేవారు ప్రతి ‘ఎన్’ దగ్గరా ఒక్కసారి ఆగి మూడు ప్రశ్నలు వేయించవలె: ఎవరు లెక్కించారు? ఎట్లా లెక్కించారు? ఎంత అటూ ఇటూ కావచ్చును? ఈ మూడూ నోటికి వచ్చిన విద్యార్థికి మిగిలిన సూత్రాలు వాటంతట అవే అర్థమవుతవి.